చెరువు మీద స్కేటింగ్: చిన్నప్పుడు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

శ్రావణి_తెనాలి అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మేము పోయిన వేసవిలో డాలస్ నుంచి మిన్నెసోటాలో సెయింట్ పాల్ శివారుకి మారాం. ఇంటి వెనకాలే ఓ కుంట ఉంది. థ్యాంక్స్‌గివింగ్ వెళ్లిన కొద్ది రోజులకే బిగుసుకుపోయింది. నిన్న పక్క వీధి పిల్లలు పారలు పట్టుకొచ్చి, పైనున్న స్నో అంతా అంచులకి తోసేసి, బూట్లు గోల్ పోస్టులుగా పెట్టుకుని హాకీ మొదలెట్టారు. మావాడు రెండో క్లాసు. కిటికీ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. అన్నం పళ్లెం కూడా అక్కడికే తెమ్మన్నాడు.

మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "చెరువు మీద పిల్లల్ని ఆడనిస్తారటే? వాళ్లకి తల్లులు లేరా?" అంది. మా ఆయనేమో "ఊరంతా వెళ్తుంటే వీడొక్కడికేనా ప్రమాదం" అంటారు. నేను కాలవల ఊళ్లో పుట్టినదాన్ని. ఎండాకాలం వస్తే కాలవలో మునిగిన పిల్లల కబుర్లు వింటూ పెరిగాను. నీళ్ల మీద నడవడం అనే మాటకే నాకు కడుపులో తిప్పుతుంది.

హెల్మెట్ ఏది కొనాలి, స్టిక్ ఎంత పొడుగుండాలి లాంటివి గూగుల్లో దొరుకుతాయి. నాకు కావాల్సింది అది కాదు. చిన్నతనంలో నిజంగా చెరువు మీద ఆడిన తెలుగువాళ్లు ఉంటే, ఎలా ఉండేదో, మీ అమ్మానాన్నలు ఎలా ఒప్పుకున్నారో చెప్పండి. దాన్ని బట్టి వీడి సంగతి తేలుస్తాను.


మూర్తి_గోదారి:

శ్రావణి గారూ, మీ ప్రశ్న నా కోసమే అడిగినట్టుంది. 1978లో రాజమండ్రి నుంచి మిన్నియాపోలిస్ వచ్చేటప్పటికి నాకు ఏడేళ్లు. నాన్నగారు ఇంజనీరు. ఊరికి ఉత్తరాన శివారులో అద్దె ఇల్లు, వీధి చివర చిన్న చెరువు. (తెలుగు రాయడం ఎలా మిగిలిందంటారా? ఆదివారం పూట మామ్మకి ఉత్తరం రాస్తే గానీ టీవీ పెట్టనిచ్చేది కాదు మా అమ్మ.)

ఆ మొదటి చలికాలం ఒడ్డున నిలబడి చూడటమే. వీధిలో పిల్లలందరూ బడి నుంచి వచ్చి, సంచులు గుమ్మంలో పడేసి, చీకటి పడేదాకా ఐసు మీదే. ఇక్కడ డిసెంబర్లో నాలుగున్నరకే పొద్దు గూకుతుందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ ఉన్న కాస్త వెలుగు కోసం పిల్లలు ఎంత తొందరపడేవారో!

మా అమ్మ ససేమిరా అంది. నాన్నగారు అన్నం దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పారు. నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి, ఇంకా చల్లబడ్డ నీళ్లు తేలికై పైకి వచ్చేస్తాయి, అందుకని చెరువు పైనుంచి గడ్డకడుతుంది, అడుగున చేపలు హాయిగా బతికే ఉంటాయి, అని. "చేపల సంగతి సరే, పిల్లాడి సంగతి చెప్పండి" అంది అమ్మ. అక్కడితో పాఠం అయిపోయింది.

ఒప్పించింది నాన్నగారు కాదు, పక్కింటి పెద్దాయన. నార్వే నుంచి వచ్చిన వాళ్ల మనవడు, పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. చెరువు గడ్డకట్టడం మొదలయ్యాక ప్రతి ఉదయం చేతి బరమా ఒకటి పట్టుకుని వెళ్లి, ఒడ్డు దగ్గర ఒక కన్నం, కాస్త లోపలికి ఇంకోటి, నడిమధ్య మరోటి పొడిచేవాడు. కన్నంలో చెక్క స్కేలు దించి, అడుగు అంచుకి కొక్కెం తగిలించి చూసేవాడు. ఎక్కడా 4 అంగుళాలకి తగ్గకూడదు, అదీ గాజులా కనిపించే గట్టి ఐసు. అన్ని చోట్లా సరిపోయిన రోజున ఒడ్డున కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టేవాడు. గుడ్డ ఉంటే దిగొచ్చు, లేకపోతే లేదు. వీధిలో ఏ తల్లీ మళ్లీ అడిగేది కాదు, ఏ పిల్లాడూ ఎదురు చెప్పేవాడు కాదు.

రెండో చలికాలం ఆయన మా నాన్నగారిని వెంటబెట్టుకెళ్లి కన్నాలు చూపించాడు. ఇంజనీరు కదా, ఈయన తన స్కేలు తను పట్టుకెళ్లారు! ఇద్దరి లెక్కా కలిసింది. అమ్మ ఒడ్డు దాకా వచ్చి, నాన్నగారు ఐసు మీద గెంతుతుంటే చూసి, "సరే, గుడ్డ ఉన్న రోజునే" అంది. అదీ ఒప్పందం.

స్కేట్లు చర్చి వాళ్ల పాత సామాన్ల అమ్మకంలో దొరికాయి. తెల్లవి, ఆడపిల్లల ఫిగర్ స్కేట్లు. నాన్నగారు నల్ల బూట్ పాలిష్ పట్టించి, "ఇప్పుడెవరికి తెలుస్తుంది" అన్నారు. అందరికీ తెలిసింది, ఎందుకంటే ఫిగర్ స్కేటుకి బ్లేడు ముందు కొసన రంపం పళ్లుంటాయి. హాకీ స్కేటుకి ఉండవు. ముందుకి వంగి అడుగు వేసినప్పుడల్లా ఆ పళ్లు ఐసులో దిగబడి బోర్లా పడేవాణ్ని. పైగా వాన వచ్చినా స్నో పడినా పాలిష్ కరిగి మేజోళ్లు నల్లగా అయ్యేవి. మీవాడికి ఏవి కొన్నా సరే, హాకీ ఆడతానంటే మాత్రం పళ్లున్నవి కొనకండి.

నేర్చుకోవడానికి వంటింట్లో మడత కుర్చీ పట్టుకెళ్లి ముందుకి తోసుకుంటూ తిరిగాను. అది పిల్లలందరూ చేసే పనే, సిగ్గేం లేదు. ముందు పడటం నేర్చుకోవాలి. మోకాళ్లు వంచి పక్కకి ఒరిగి పడాలి, చేతులు ముందుకి చాపకూడదు. వెనక్కి పడితే తల.

హాకీ ఒక్కటే కాదు. పామ్ పామ్ పుల్ అవే అని ఒకటుండేది. ఒకడు మధ్యలో నిలబడి పిలుస్తాడు, మిగతా వాళ్లందరూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దూసుకుపోవాలి. దొరికినవాడు కూడా మధ్యలో చేరి పట్టుకోవాలి. మన కుందుడుగుమ్మలా మొదట్లో సరదాగా ఉండి, చివర్లో యుద్ధమయ్యేది. ఇంకోటి, చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా వేగంగా వెళ్తూ ముందున్నవాడు హఠాత్తుగా మలుపు తిరుగుతాడు, చివరివాడు గిరాటేసినట్టు స్నో గుట్టలోకి ఎగిరిపడతాడు. చిన్నవాణ్ని కాబట్టి చివర ఎప్పుడూ నేనే. అడిగి మరీ అక్కడ నిలబడేవాణ్ని లెండి.

1980 ఫిబ్రవరి 22 శుక్రవారం. లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో ఐస్ హాకీలో అమెరికా కుర్రాళ్లు సోవియట్ యూనియన్ని 4-3తో కొట్టారు. ఆట సాయంత్రమే అయిపోయినా టీవీలో రాత్రికి గానీ వేయలేదు. కోచ్ హెర్బ్ బ్రూక్స్ సెయింట్ పాల్ మనిషి, జట్టులో 20 మందిలో 12 మంది మిన్నెసోటా వాళ్లే. ఇక మా వీధి సంగతి చూడాలి! మర్నాడు పొద్దున్నే చెరువు నిండిపోయింది. అందరూ అమెరికానే, రష్యా అవుతానన్నవాడు లేడు. చివరికి నన్నూ, కొరియా నుంచి దత్తత వచ్చిన ఇంకో అబ్బాయినీ, వాడి చెల్లెల్నీ రష్యా చేశారు. మేమే గెలిచాం. ఆ ఫలితాన్ని ఎవరూ ఒప్పుకోలేదు, మళ్లీ ఆడించారు.

చెరువు హాకీకి అంపైరు లేడు, కోచ్ లేడు. ఒంటి మీద ప్యాడ్లు లేవు కాబట్టి పక్ (బంతికి బదులు కొట్టే రబ్బరు బిళ్ల) గాల్లోకి లేపకూడదు, అదొక్కటే గట్టి రూలు. పెద్దవాళ్లు ఎడం చేత్తో ఆడాలనీ, చిన్నవాళ్ల దగ్గర పక్ ఉంటే కాసేపు ఆగాలనీ మిగతావన్నీ ఏ రోజుకారోజు బేరమాడుకునేవాళ్లం. ఇప్పుడు మా మనవరాలు ఇండోర్ అరీనాలో నేర్చుకుంటోంది. ఐసు అద్దంలా ఉంటుంది, ఐసుని నున్నగా చేసే జాంబోనీ బండి వచ్చి తుడిచి పోతుంది, గంట కొట్టగానే దిగిపోవాలి. బాగా ఆడుతుంది, నాకంటే ఎంతో బాగా. కానీ ఎవరితో ఆడాలో, ఎప్పుడు ఆపాలో తను నిర్ణయించుకున్నది ఇంతవరకూ చూడలేదు. ముసలాడి గొణుగుడు అనుకోండి, పర్లేదు.

చలి గురించి ఒక మాట. మా అమ్మ రెండు జతల ఊలు మేజోళ్లు తొడిగించేది. కాలు బూటులో బిగుసుకుని రక్తం ఆడక ఇంకా చల్లబడేది. పలచటి జత ఒకటి చాలు, తడిసిపోతే మార్చాలి. అసలు బాధ ఐసు మీద కాదు, ఇంటికొచ్చాక కాళ్లు వెచ్చబడేటప్పుడు. సూదులతో పొడిచినట్టు మంట, ఏడుపొచ్చేసేది. వేడినీళ్లలో పెట్టకూడదు, గోరువెచ్చని నీళ్లు చాలు. వేళ్లు తెల్లబడి స్పర్శ తెలీకపోతే మాత్రం డాక్టరు దగ్గరికే. అమ్మ ఫ్లాస్కులో మిరియాల చారు పట్టుకొచ్చి ఒడ్డున నిలబడేది. పిల్లలు మొదట మొహాలు చిట్లించారు గానీ, చలి ఎక్కువైన రోజున వాళ్ల హాట్ చాక్లెట్ వదిలేసి దీనికే వరస కట్టేవారు.

అన్నిటికన్నా గొప్ప రోజులు డిసెంబరు మొదట్లో, స్నో పడకముందు. గాలి లేని రాత్రి బాగా చలి వేస్తే చెరువు నల్లగా, పారదర్శకంగా గడ్డకడుతుంది. పడుకుని మొహం ఆనించి చూస్తే కింద రాలిన ఆకులు, నాచు, నెమ్మదిగా కదిలే సన్‌ఫిష్ కనిపించేవి. ఆ రోజుల్లోనే ఐసు అరుస్తుంది కూడా. సాయంత్రం చలి ఒక్కసారిగా పెరిగితే ఐసు కుంచించుకుపోతూ ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి వూఁమ్ మని మోత. మొదటిసారి విన్నప్పుడు అమ్మ పరిగెత్తుకొచ్చింది. గట్టి ఐసే ఎక్కువ మోగుతుందని పెద్దాయన చేతులతో సైగ చేసి చెప్పాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. బయటినుంచి చూస్తే పిల్లల్ని గాలికొదిలేసినట్టు ఉంటుంది. కాదు. ప్రతి చెరువుకీ ఐసు చదవగలిగిన మనిషి ఒకడుండేవాడు. మీ వీధిలో ఆ మనిషి ఎవరో ముందు కనుక్కోండి. లేకపోతే మీ ఆయన్ని బరమా కొనుక్కోమనండి, దాదాపు ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ దొరుకుతుంది. పాలలా తెల్లగా ఉన్న ఐసుకి గాజు ఐసు బలంలో సగమే ఉంటుంది, కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి. స్నో కప్పుకున్న చోట ఐసు నెమ్మదిగా పెరుగుతుంది, దుప్పటి కప్పినట్టే కదా. రెల్లు పెరిగిన అంచుల్లో, నీళ్లు వచ్చి చేరే చోట, బయటికి పోయే చోట పలచగా ఉంటుంది. ఒకే చెరువులో ఇక్కడ ఆరంగుళాలు, పది గజాల అవతల రెండే ఉండొచ్చు. అందుకే ఆయన అన్ని కన్నాలు పొడిచేది.


వరంగల్_మాజీ_ఫౌజీ:

అక్కా, నేను చిన్నప్పుడు ఆడినోణ్ని కాదు గని, ఆడే పిల్లలను దగ్గరుండి చూసినోణ్ని. తొంభైలల్ల నాకు లేహ్‌ల పోస్టింగ్ ఉండె. ఊర్ల కర్జూ అని చెరువు ఉంటది. 3,500 మీటర్ల ఎత్తు, జనవరిల రాత్రిపూట మైనస్ 20 దాక పోతది. పొద్దుగాల ఎండ ఎక్కకముందే పిల్లలు దిగుతుండె, ఎండ పడితె పైన మెత్తవడుతది గద.

గప్పుడు దుకాణంల కొన్న స్కేట్లు అందరికి యాడియి? ఫౌజీ పాత బూట్లకింద ఇనుప పట్టీ బిగిచ్చుకుంటుండ్రి. పక్‌కు బూటు మడమ రబ్బరు ముక్క. డెబ్బైలల్ల ఫౌజే అక్కడ ఐస్ హాకీ మొదలువెట్టిందని మా సుబేదార్ సాబ్ మీసం తిప్పుకుంట చెప్తుండె. నన్ను గూడ ఒకపారి దించిండ్రు. నిలవడనీకె చాతగాలె, ఐదేండ్ల పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీస్కవోయింది. నవ్వకుండ్రి.

ఇప్పుడు లేహ్‌ల ఎన్.డి.ఎస్. స్టేడియంల రింక్ ఉన్నది. 2024ల ఖేలో ఇండియా చలికాలం ఆటలు పెట్టినప్పుడు స్టేడియంతోటి గుపుక్స్ చెరువు మీద గూడ పోటీలు జరిపిండ్రు. 2025ల మన ఆడపిల్లల జట్టు ఆసియా కప్‌ల కాంస్యం తెచ్చింది, అండ్ల ఎక్కువమంది లద్దాఖ్ పిల్లలే. గా చెరువుల మీద పడి లేచినోళ్లే గద వాళ్లు. మీ పిలగాణ్ని ఆపకుండ్రి అక్కా, గని మూర్తి సారు చెప్పినట్టు ముందుగాల కొలిచి చూడుండ్రి.


ఒట్టావా_లక్ష్మి:

అందరూ కలిసి ఆవిణ్ని చెరువులోకి దింపేలా ఉన్నారు. నేను కాస్త అడ్డం పడతాను.

మూర్తి గారి చెరువు 1980 నాటిది. ఇప్పటి చలికాలాలు అలా నిలకడగా లేవు. మా ఒట్టావాలో రీడో కెనాల్ మీద 7.8 కిలోమీటర్ల స్కేటింగ్ దారి ఉంటుంది. 1970 దశకం మొదట్నుంచి ప్రతి ఏడూ తెరుస్తున్నారు. 2022-23 చలికాలంలో మొట్టమొదటిసారి ఒక్క రోజు కూడా తెరవలేకపోయారు. అంత పెద్ద యంత్రాంగం, రోజూ కొలిచే మనుషులు ఉన్నచోటే అలా అయితే, ఇంటి వెనక కుంటని ఎవరు నమ్ముతారు? నిన్న ఆరంగుళాలు ఉన్నది, మధ్యలో రెండు రోజులు వెచ్చగా ఉండి వాన పడితే, చూడటానికి అలాగే ఉంటుంది, లోపల పుచ్చిపోయి ఉంటుంది.

మా వీధి వాళ్లు వాలంటీర్లుగా పార్కులో రాత్రిపూట గొట్టంతో నీళ్లు కొట్టి రింక్ తయారు చేస్తారు. కింద గడ్డి నేల. ఐసు విరిగినా పాదం తడుస్తుంది, అంతే. మా పిల్లలిద్దరూ అక్కడే నేర్చుకున్నారు. జ్ఞాపకాలకి వాళ్లకీ లోటేం లేదు.

ఒకవేళ చెరువు మీదికే వెళ్తే, పడిపోయినప్పుడు ఏం చేయాలో పిల్లాడికి ముందే నేర్పండి. మొదటి నిమిషం ఊపిరి అందదు, కంగారు పడకుండా దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. చేతులూ కాళ్లూ మాట వినేది ఆ తర్వాత ఓ పది నిమిషాలే. వచ్చిన దారివైపే తిరిగి, కాళ్లు ఆడిస్తూ ఐసు మీదికి పొట్టతో పాకి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ పోవాలి. ఒడ్డునున్నవాళ్లు పరిగెత్తుకెళ్లకూడదు. నిచ్చెనో హాకీ కర్రో తాడో అందించి, 911కి ఫోన్ చేయాలి. ఇది చదివి భయం వేస్తే, పార్కు రింకే మీకు సరి.


మూర్తి_గోదారి:

లక్ష్మి గారూ, మీతో పేచీ లేదు. 2023-24లో ఇక్కడ చలికాలమే రాలేదు. మిన్నెసోటా రికార్డుల్లో అంత వెచ్చనిది అంతకు ముందు లేదు. పెద్దాయన ఉన్నా ఆ ఏడాది చాలా రోజులు గుడ్డ కట్టేవాడు కాదు. మన మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ పార్కుల్లో కూడా మీరు చెప్పిన రింకులున్నాయి, పక్కనే వార్మింగ్ హౌస్ ఉంటుంది. రబ్బరు పరిచిన నేల, బల్లలు, హీటరు. లేసులు కట్టుకునే పని వెచ్చగా అక్కడ కానివ్వచ్చు. పిల్లాడి స్కేట్లకి లేసు బిగించడం పెద్దవాళ్ల పని, గుర్తుంచుకోండి. పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా. చీలమండ ఊగితే ఎంతకాలమైనా రాదు.

శ్రావణి గారూ, మీ కుంట ఎలా ఉంటుందో కాస్త చెప్పండి. సహజంగా ఉన్నదా, కాలనీ కట్టినప్పుడు తవ్వారా?


శ్రావణి_తెనాలి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మూర్తి గారూ, బూట్ పాలిష్ దగ్గర మా ఆయన పడీ పడీ నవ్వారు.

ఇవాళ పొద్దున్న ఆయనా నేనూ చుట్టూ తిరిగి చూశాం. కాలనీ వేసినప్పుడు తవ్వించిందేనట. ఉత్తరం మూల సిమెంటు గొట్టం ఒకటి బయటికి తెరుచుకుని ఉంది, వీధి నీళ్లన్నీ అందులోంచే వస్తాయట. మధ్యలో వేసవిలో ఫౌంటెన్ ఆడేది. ఇప్పుడు ఫౌంటెన్ లేదు గానీ ఆ చోట మాత్రం గుండ్రంగా నీళ్లు కనిపిస్తున్నాయి, బుడగలు వస్తున్నాయి. బరమాతో కొలిచేవాళ్లు ఎవరని పక్కింటావిణ్ని అడిగాను. "ఎవరో చూస్తారనుకుంటా" అంది.


మూర్తి_గోదారి:

అయితే ఈ కుంట వద్దండీ. ఏ అంగుళాల లెక్కా అక్కర్లేదు.

బుడగలొస్తున్నాయంటే కింద ఏరేటర్, అంటే నీళ్లలోకి గాలి ఊదే యంత్రం, నడుస్తోంది. చేపల కోసమో, నాచు పట్టకుండానో ఏడాది పొడుగునా వదిలేస్తారు. అది అడుగునున్న వెచ్చటి నీళ్లని పైకి తోస్తూ ఉంటుంది. కనిపించే ఆ గుండ్రం చుట్టూ చాలా దూరం ఐసు పలచగా ఉంటుంది, పైనుంచి తేడా తెలీదు. ఇక గొట్టం. రోడ్ల మీద చల్లిన ఉప్పు కరిగి ఆ నీళ్లతో చెరువులోకే వస్తుంది. ఉప్పు నీళ్లు గడ్డకట్టాలంటే ఇంకా ఎక్కువ చలి కావాలి. వానాకాలంలోనే కాదు, చలికాలంలో కూడా ఎండ కాసిన మధ్యాహ్నం ఆ గొట్టంలోంచి నీళ్లు దిగుతాయి, నీటిమట్టం మారి ఐసు కింద ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఆడుతున్న పిల్లల ఇళ్లకి కూడా ఓ మాట చెప్పండి. కొత్తవాళ్లం ఎలా చెబుతాం అని మొహమాటపడకండి. మీ కాలనీ సంఘానికి ఒక ఈమెయిల్ పెట్టి, ఏరేటర్ నడుస్తోందని బోర్డు పెట్టమని అడగండి.

మీవాడిని శనివారం దగ్గర్లో పార్కు రింక్‌కి తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది. పాత ఆటసామాన్లు అమ్మే షాపులో స్కేట్లు కొనండి, పిల్లల కాళ్లు ఏడాదికోసారి మారతాయి, కొత్తవి దండగ. హాకీ స్కేటు సైజు మామూలు బూటు కంటే ఒకటో ఒకటిన్నరో తక్కువ ఉంటుంది, కాబట్టి బూటు సైజు చెప్పి తెచ్చేయకుండా వాడికి తొడిగించి చూడండి. బ్లేడు సాన పట్టించమని అక్కడే అడగండి. మొద్దు బ్లేడుతో మొదలెడితే తప్పు వాడిదనుకుంటాడు.


శ్రావణి_తెనాలి:

పక్క వీధి ఇళ్లకి వెళ్లొచ్చామండీ. ఒకాయనకి ఏరేటర్ సంగతే తెలీదట, వెంటనే పిల్లల్ని పిలిచేశాడు. ఆయన కూతురూ మావాడూ ఒకే బడి అని తేలింది, శనివారం వాళ్లూ రింక్‌కి వస్తామన్నారు. మడత కుర్చీ మా ఇంట్లో లేదు, రింక్‌లో ఉంటుందా, మేమే తెచ్చుకోవాలా?


మూర్తి_గోదారి:

కొన్నిచోట్ల ఉంటాయి, కొన్నిచోట్ల కుర్చీలు ఐసు మీదికి తేనివ్వరు. ముందు ఫోన్ చేసి అడగండి. వద్దంటే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నేర్చుకుంటాడు లెండి.